అమెరికా నుంచి వచ్చిన ఈసీజీ పట్టీ గుంటూరులో మొరాయిస్తే

కొత్తపేటలో ఈసీజీ తీయడం నా పని. ఈ మధ్య పెద్దవాళ్లు ఫోన్ చేత్తో పట్టుకుని వస్తున్నారు. "బాబూ, మావాడు అమెరికా నుంచి కార్డియామొబైల్ తెచ్చాడు, ఒక్కసారి కూడా సరిగ్గా పడట్లా." రెండు చేతుల వేళ్లు ఆనిస్తే ఫోన్‌లో ఈసీజీ గీత చూపించే చిన్న పట్టీ అది. చూస్తే పట్టీ బాగానే ఉంటుంది. తేడా ఎక్కువగా చేతుల్లోనో, సెట్టింగుల్లోనో దొరుకుతుంది.

"బ్లూటూత్‌లో కనపడట్లేదు"

కనపడదు. ఒకే లీడ్ (గుండె కరెంటుని చూసే కోణం) ఉన్న మామూలు కార్డియామొబైల్‌కి బ్లూటూత్‌తో పని లేదు. మన చెవికి వినపడని శబ్దంగా రీడింగుని ఫోన్ మైకుకి పంపుతుంది. యాప్‌కి మైక్ పర్మిషన్ ఇవ్వండి, ఇయర్‌ఫోన్ పీకేయండి, మైకు రంధ్రాన్ని మూసే కవర్ తీసేయండి, ఫోన్‌ని జానెడు దూరంలో పెట్టండి. ఆరు లీడ్లదైతే మాత్రం బ్లూటూతే.

"గీత రంపం పళ్లలా వస్తోంది"

ఇది కరెంటు చేసే అల్లరి. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60. కొడుకు అక్కడే యాప్ సెట్ చేసి ఇస్తే ఈ అల్లరిని వడగట్టే ఫిల్టర్ 60 మీదే ఉండిపోతుంది, 50కి మార్చాలి. ఛార్జింగులో ఉన్న ఫోన్‌తో తీయకండి, కూలర్‌కి, ఇన్వర్టర్‌కి దూరంగా కూర్చోండి. కరెంటు పోయినప్పుడు తీస్తే గీత శుభ్రంగా వస్తుందని ఒక పెద్దాయన కనిపెట్టారు. ఇన్వర్టర్ లేని ఇల్లు లెండి.

"అన్‌రీడబుల్ అంటోంది"

మిర్చి యార్డులో బస్తాలు మోసిన చేతులు కాయలు కాసి, పొడిబారి ఉంటాయి. వేళ్లు కాస్త తడిపితే చాలు. కొబ్బరినూనె రాసుకున్న చేతులైతే సబ్బుతో కడగాలి. గట్టిగా నొక్కితే కండరాలు వణికి గీత చెడుతుంది. మోచేతులు బల్ల మీద ఆనించి, 30 సెకన్లు మాట్లాడకుండా తేలిగ్గా పట్టుకోండి. గీత తలకిందులుగా వస్తే పట్టీ అటుదిటు పట్టుకున్నట్టే, తిప్పితే సరి.

"పాసిబుల్ ఏఎఫ్ అని పడింది"

ఇక్కడ మాత్రం నిదానించాలి. ఏఎఫ్ అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అందులో గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఒక వరసలో ఉండదు. పైగదిలో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతం. అయితే మధ్యలో అదనపు దెబ్బలు పడినా, చేయి వణికినా యాప్ పొరబడొచ్చు. అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ తీయండి. రెండు రీడింగులూ పీడీఎఫ్‌గా గుండె డాక్టరుకి చూపిస్తే 12 లీడ్ల ఈసీజీతో తేలుస్తారు. రెండోసారి నార్మల్ వచ్చినా మొదటిది చెరిపేయకండి. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా మొదలెట్టకండి, మానకండి.

"అన్‌క్లాసిఫైడ్" అంటే జబ్బు పేరు కాదు, ఏ గాటన కట్టాలో యాప్‌కి తెలియలేదన్నమాట.

"దడగా ఉంది, కానీ నార్మల్ అంటోంది"

ఏఎఫ్ వచ్చి పోతూ ఉండొచ్చు. పొద్దున తీసిన 30 సెకన్లలో రాత్రి దడ ఎక్కడ దొరుకుతుంది? దడ ఉన్నప్పుడే తీసి టైము రాసుకోండి. అప్పటికీ చిక్కకపోతే డాక్టరు హోల్టర్ (రోజంతా ఒంటిమీదే ఉండి ఈసీజీ రాసే చిన్న పెట్టె) పెడతారు.

గుండెల్లో బరువు, ఎడమచేయి లాగడం, చెమటలు ఉంటే పట్టీ జోలికే పోవద్దు. గుండెపోటుని అది పట్టలేదు, నార్మల్ అని కూడా అనొచ్చు. అదే ఫోన్‌లో 108 నొక్కండి.