కందగడ్డ తీగ నాటేటోళ్లకు జాగ్రత్తలు: మొదలు ముక్క జోలికి పోకుండ్రి

పోయిన శివరాత్రికి ముందు మా వరంగల్ దిక్కు ఒక ఊర్ల ఎకరం కందగడ్డ (చిలగడదుంప) తవ్విండ్రు. పైనుంచి తీగ పచ్చగ గుబురుగ ఉన్నది, చూసినోళ్లంత ఈసారి మంచి పైసలొస్తయి అన్నరు, తీరా తవ్వితే గడ్డ నిండ సన్న రంధ్రాలు, కోస్తే లోపల నల్లగ సొరంగాలు, తెల్ల పురుగులు, ఒకతీరు వాసన. వ్యాపారి రెండు గడ్డలు విరిచి చూసి బండి ఎక్కించుకోకుండనే పోయిండు. అక్కడితోని ఆగలే. పాడైన గడ్డ పారేసుడు ఎందుకని బర్లకు వేసిండ్రు, కొన్ని రోజులకు ఒక బర్రె ఎగపోసుకుంట ఎగపోసుకుంట సచ్చిపోయింది. పంట పాయె, పాడి పాయె.

తీగ ఎక్కడిది అని అడిగితే పక్క ఊర్ల వానకాలం పంట తవ్విన మడి నుంచి వచ్చిందట. తీగకు పైసలు లేవు, ట్రాలీ కిరాయి ఒక్కటే. ఆ తీగను కొస, నడుమ, మొదలు (వేరు దగ్గరి ముదిరిన కాడ) అని చూడకుండ ముక్కలు కొట్టి అంతా నాటిండ్రు.

మళ్ల నాటే కాలం వస్తంది. దున్నుడు, పశువుల ఎరువు, నీళ్లు పెట్టుడు మీకు కొత్తగ చెప్పేది లేదు. నేను చెప్పేది నాటే ముక్క గురించే, ఎందుకంటే నేను చూసిన కాడికి మన దిక్కు కందగడ్డల మునిగినోళ్లల్ల ఎక్కువమంది అక్కడనే మునిగిండ్రు. తవ్విన మడిల మిగిలిన తీగ, అందుల మొదలు ముక్క. ఇది నాటకుండ్రి.

మొదలు ముక్కల ఏముంటది

కందగడ్డకు పెద్ద శత్రువు ముక్కు పురుగు. చూస్తే చీమ లెక్క ఉంటది, తల, రెక్కలు నీలం నలుపు, మెడ, కాళ్లు ఎర్రగ, ముట్టుకుంటే సచ్చినట్టు పడిపోతది. ఆడ పురుగు ముదిరిన తీగ మొదట్ల, గడ్డల చిన్న గుంత తొలిచి గుడ్డు పెట్టి పైన మూత వేస్తది, అందుకే బయటికి ఏం కనిపించది. పిల్ల పురుగు కాడ లోపలనే తినుకుంట పెరుగుతది. గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేటందుకు నెల, నెలా పది రోజులు పడ్తది, అంటే నాలుగు నెలల పంటల అది మూడు తరాలు పెరగొచ్చు, మీరు నాటిన ముక్కల నాలుగు పురుగులు ఉన్నా తవ్వేనాటికి ఎన్నయితయో మీరే ఆలోచించుండ్రి. ఈ పురుగు దూరం ఎగిరేది కాదు. కొత్త చల్కలకు అది వచ్చిందంటే మనమే కట్టలు కట్టి బండి మీద తెచ్చి నాటినట్టు.

పురుగు తొలిచిన గడ్డ తనను తాను కాపాడుకునేటందుకు చేదు పుట్టించుకుంటది. ఉడకబెట్టినా ఆ చేదు పోదు. సగం గడ్డ మంచిగనే ఉన్నది కదా, కోసి అమ్ముకుందాం అంటే నడువది.

ఏ తీగ, ఏ గడ్డ, దేంట్ల ఏమున్నది

కొస తీగ: అన్నిటికన్న ఇదే మంచిది. తీగ కొస నుంచి జానెడు కంటె కొంచం ఎక్కువ, 20 నుంచి 30 సెంటీమీటర్లు, కనీసం మూడు నాలుగు కణుపులు ఉండాలె. లేత కాడ కాబట్టి ముక్కు పురుగు గుడ్డు పెట్టుడు తక్కువ, వేరు జల్ది పడ్తది, మొలుచుడు ఒక్కతీరుగ ఉంటది. మడి అంతా ఒక్కసారి పట్టుకుంటే గడ్డ కూడ ఒక్కసారి ఊరుతది, తవ్వుడు ఒక్కసారే అయితది, శివరాత్రికి అమ్మేటోళ్లకు ఇది చాన ముఖ్యం.

నడిమి తీగ: కొసలు సరిపోకపోతే పెట్టొచ్చు. కాని లేత మడిది అయితేనే, 45 రోజులకు మించిన తీగ కాకుండ చూసుకోవాలె. కొస ముక్కలు ఒక దిక్కు, నడిమి ముక్కలు ఒక దిక్కు నాటుండ్రి, కలిపి నాటితే ఒకటి ముందు ఒకటి వెనక అయి కొసది నడిమిదాన్ని కప్పేస్తది.

మొదలు తీగ: వద్దు. లావుగ ఉంటది, బలంగ ఉంటది అని మురిసి నాటుతరు, కాడ ముదిరి ఉంటది కాబట్టి చిగురు లేటు, వేరు లేటు, పురుగు మాత్రం ముందుగాలనే ఉంటది. మందు నీళ్లల్ల ముంచి నాటుతం అంటరు కొందరు. పురుగు ఉన్నది కాడ లోపల, ముంచుడు మీద భరోసా పెట్టి మొదలు ముక్క నాటకుండ్రి.

గడ్డ నుంచి తీసిన మొలక: ఇది మంచి పద్ధతే, తీగ దొరకని కాలంల ఇదే దిక్కు. కాని గడ్డ మంచిదై ఉండాలె. మార్కెట్ల తినేటందుకు కొన్న గడ్డ తెచ్చి పెడితే అది ఏ రకమో తెల్వదు, ఎన్ని రోజులకు ఊరుతదో తెల్వదు, లోపల పురుగు ఉన్నదో లేదో తెల్వదు. విత్తనం గడ్డ మీ మడిలనే, తవ్వేటప్పుడే, గడ్డ ఎక్కువ ఊరిన చెట్టు కింద నుంచి ఏరి పెట్టుకోవాలె, 125 నుంచి 150 గ్రాముల గడ్డ సరిపోతది, పెద్దవి అవసరం లేదు. మొలకను గుంజి పీకకుండ్రి. మట్టికి రెండు వేళ్ల పైన కోయుండ్రి. పీకితే గడ్డ తోలు మీద ఉన్న తెగులు, మట్టి, పురుగు అన్నీ దాని వెంటనే కొత్త మడికి వస్తయి, కోస్తే అవన్నీ కిందనే ఉండిపోతయి. వేరు లేదు ఎట్ల బతుకుతది అని రంది పడకుండ్రి, కందగడ్డ తీగ ప్రతి కణుపుకు వేరు వేస్తది.

నేరుగ గడ్డనే మడిల పాతుడు: ఆలుగడ్డ లెక్క ముక్కలు కోసి పెడ్తం అని అడుగుతరు. పెట్టిన గడ్డనే ఊరి పీచు పట్టుకుంట పోతది, కొత్త గడ్డలు వంకరటింకర వస్తయి, తీగ మాత్రం మస్తు పాకుతది. నారుమడికి గడ్డ, మడికి తీగ.

టిష్యూ కల్చర్ మొక్క (ల్యాబ్‌ల చిన్న ముక్క నుంచి పెంచింది): దొరికితే కొన్ని తెచ్చుకొని తల్లి మడి పెట్టుకుంటందుకు మంచిది, ఎకరం మొత్తం దాంతోని నాటుడు ఖర్చుకు తట్టుకోదు. దీని లాభం ఒక్కటే కాని పెద్దది, వైరస్ లేకుండ వస్తది. ఏటేటా అదే తీగ, అదే తీగ తిప్పి తిప్పి నాటితే వైరస్ పోగైతది, ఆకు మీద ఊదా అంచుతోని మచ్చలు, ఆకు పైకి ముడుచుకునుడు, తీగ గిడసబారుడు. గడ్డ ఏడాదికేడాది చిన్నగైతంది, భూమిల సత్తువ పోయింది అని ఇంకో డీఏపీ బస్తా వేస్తరు. భూమి మంచిగనే ఉన్నది, తీగ ముసలిదైంది. వైరస్‌కు కొట్టే మందు లేదు, తీగ మార్చుడే.

విత్తుల గురించి కూడ ఒకరిద్దరు అడిగిండ్రు. కందగడ్డ గింజ కొత్త రకాలు తయారు చేసే శాస్త్రవేత్తలకే, గింజ నుంచి వచ్చిన చెట్టు తల్లి తీరుగ ఉండదు.

మూడు నెలల ముందు లేవకపోతే మొదలు ముక్కనే గతి

మనోళ్లకు మొదలు ముక్క మీద ప్రేమేం లేదు. బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చినంక తీగ కోసం తిరుగుతరు, అప్పటికి మంచి తీగ ఎక్కడిది, దొరికింది తెస్తరు, దొరికేది తవ్విన మడిలదే. ఎకరానికి రెండడుగుల బోదెలు, బోదె మీద ఎనిమిది అంగుళాలకు ఒకటి అనుకుంటే సుమారు 33 వేల ముక్కలు కావాలె. ఇన్ని కొసలు ఒక్కనాడు ఎక్కడా దొరకయి, మీరే పెంచుకోవాలె.

తిరువనంతపురంల దుంప పంటల పరిశోధన సంస్థ ఉన్నది, 1963ల పెట్టింది, భూ సోన, శ్రీ భద్ర లాంటి రకాలు వాళ్లవే. వాళ్లు చెప్పే రెండు నారుమళ్ల పద్ధతి మన లెక్కల చెప్తున్న. ఎకరం నాటాలంటే 40 కిలోల మంచి గడ్డ, అర గుంట కంటె కొంచం తక్కువ జాగల పెట్టాలె. 40, 45 రోజులకు ఆ తీగ కోసి రెండు గుంటల్ల నాటాలె. మళ్ల 45 రోజులకు ఆ రెండు గుంటల నుంచి ఎకరానికి సరిపోయే తీగ వస్తది. మొత్తం మూడు నెలలు. అంటే అక్టోబర్ నడుమ నాటాలంటే జూలై నడుమ, తొలి ఏకాదశికి అటుఇటుగ గడ్డ పెట్టాలె. మన దిక్కు జూలైల వానలు గట్టిగ పడ్తయి కాబట్టి నారుమడి ఎత్తు మీద, బోదెల మీద పెట్టుండ్రి, నీళ్లు నిలిస్తే గడ్డ మురుగుతది.

ఈసారి లేటైంది అంటరా? అయితే ఎకరం నాటకుండ్రి. దొరికిన కొసలతోని పది గుంటలు నాటుకొని మిగిలిన జాగల మక్క వేసుకోండ్రి. లేటైంది అని మొదలు ముక్కలతోని ఎకరం నింపకుండ్రి.

ఇగ మిగిలినయి వరుసగ చెప్తున్న

తీగ కొనేముందు మడికి పోయి చూడుండ్రి, ఫోన్ల ఫోటో చూసి అడ్వాన్స్ ఇయ్యకుండ్రి. ఫోటోల ఆకు కనిపిస్తది, మొదలు కనిపించది.

ఆ మడిల రెండు మూడు చెట్లు మొదట్ల తవ్వి చూపియ్యమనుండ్రి. మొదలు ఉబ్బి, పగిలి, నల్లబడి ఉంటే లోపల పురుగు ఉన్నట్టే, అడ్డంగ కోసి చూస్తే గోధుమ రంగు దారి కనిపిస్తది. చూపియ్యం అన్నోళ్ల దగ్గర కొనకుండ్రి.

కోసిన కాడ తెల్లపాలు కారాలె. పాలు లేకపోతే తీగ వాడింది.

కోసిన తీగ ఆకులతోనే కట్టలు కట్టి, తడి గోనె సంచి కప్పి, నీడల రెండు రోజులు ఉంచి నాటుండ్రి, వేరు జల్ది వస్తది. ఎండల బండి మీద ఉంచకుండ్రి. ప్లాస్టిక్ సంచిల ఊపిరాడకుండ కట్టకుండ్రి.

ముక్క నడుమ భాగం మట్టిల, రెండు కొసలు బయటికి ఉండేటట్టు పెట్టొచ్చు, లేదా ఏటవాలుగ రెండు మూడు కణుపులు మట్టిల పోయేటట్టు పెట్టొచ్చు. నిలువుగ మేకు లెక్క గుచ్చకుండ్రి.

పోయినేడు కందగడ్డ ఉన్న చల్కల ఈ ఏడు మళ్ల కందగడ్డ వద్దు. పక్క మడి పాతది ఉన్నా ప్రమాదమే.

గట్ల మీద తూటికూర, లొట్టపీసు ఉంటే తీసేయుండ్రి, అవి కందగడ్డ జాతివే, పురుగుకు తావు ఇస్తయి.

నాటిన నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి బోదెకు మట్టి ఎగదోయుండ్రి. ముక్కు పురుగు మట్టిని తవ్వి లోపలికి పోలేదు, పగులు దొరికితేనే గడ్డ దాక పోతది. నీళ్లు ఆపి ఆపి పెడితే నేల నెర్రెలు ఇస్తది, గడ్డ ఊరేటప్పుడు అసలు నెర్రెలు పడనియ్యకుండ్రి.

యూరియా నారుమడికి. మడిల ఎక్కువైతే ఆకు మస్తు, గడ్డ నాస్తి.

లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన పెట్టి గుంజేటియి) దొరికితే పెట్టుండ్రి, మగ పురుగులు పడ్తయి. బుట్ట పెట్టినం కదా అని మొదలు ముక్క నాటకుండ్రి, బుట్ట కాడ లోపలి పురుగును గుంజలేదు.

మందు ఏది, ఎంత అన్నది దుకాణం అతన్ని అడగకుండ్రి. ఉద్యాన అధికారిని అడుగుండ్రి, లేకపోతే మామునూరు, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాలున్నయి. మందుల ముంచిన ముక్కలు చేతి తొడుగులు లేకుండ ముట్టకుండ్రి, నాటేటి అక్కలకు కూడ తొడుగులు ఇయ్యాలె. ముంచంగ మిగిలిన తీగ గొడ్లకు వెయ్యొద్దు.

అడవి పందులు వస్తయి అని కరెంటు తీగ పెట్టకుండ్రి. ములుగు, భూపాలపల్లి దిక్కు ఈ తీగలకు మనుషులు సచ్చిపోయిండ్రు. కావలి ఉండుండ్రి, సోలార్ కంచె పెట్టుకోండ్రి, పంట వదులుకోండ్రి, కరెంటు మాత్రం వద్దే వద్దు.

రోజులు నిండంగనే తవ్వుండ్రి. శివరాత్రికి రేటు వస్తది అని ముదిరిన గడ్డను భూమిల ఆపితే పురుగుకు పెట్టినట్టు. పండుగ తారీకు చూసుకొని వెనకకు లెక్కబెట్టి నాటుడు మన చేతుల ఉన్నది.

తవ్వినంక మడిల తీగ ముక్కలు, చిన్న గడ్డలు, పురుగు గడ్డలు ఒక్కటి మిగలొద్దు. ఏరి కాల్చుండ్రి. పెంటకుప్పల వెయ్యకుండ్రి, మళ్ల మడికే వస్తది.

పురుగు పట్టిన, బూజు పట్టిన గడ్డ బర్లకు, ఆవులకు, మేకలకు వెయ్యకుండ్రి. బూజు పట్టిన కందగడ్డల ఊపిరితిత్తులను పాడుచేసే విషం తయారైతది. ఉడకబెట్టి వేస్తం, కొంచమే వేస్తం, ఇవేమీ వద్దు. ఇప్పటికే వేసి ఉంటే ఆపి, ఎగపోత కనిపించంగనే డాక్టర్‌ను పిలవుండ్రి, గొడ్డును ఉరికియ్యకుండ్రి.

మీరు తవ్విన మడి తీగ ఎవరన్న అడిగితే లేత కొసలు ఉంటే కోసి ఇయ్యుండ్రి. మొదలు ఇయ్యకుండ్రి, ఊరికెనే అడిగినా ఇయ్యకుండ్రి.

తీగ బండి గట్టు మీదికి రాంగనే దింపకముందే నాలుగు కట్టలు విప్పి చూడుండ్రి, పైకట్టలు కాదు, అడుగు కట్టలు. అందుల లావు మొదలు ముక్కలు కలిసి ఉంటే కిరాయి పోయినా సరే బండిని అట్లనే తిప్పి పంపుండ్రి.