కౌన్సిలర్ మేయర్ బరిలోకి దిగితే: ఆఫీసు లిస్టు జోలికి పోకండి

చెత్త బండి రాలేదని వార్డు ఆఫీసుకి మెయిల్ పెట్టిన ఒకాయనకి ఈమధ్య విరాళం అడుగుతూ మెయిలొచ్చింది. పంపింది మేయర్ పదవికి పోటీ చేస్తున్న ఆ వార్డు కౌన్సిలర్ ప్రచారం వాళ్ళు. ఆయన ఆ అడ్రస్ వాళ్ళకెప్పుడూ ఇవ్వలేదు. రెండు మెయిళ్ళూ పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ తీసి వదిలాడు. కెనడాలోని ఒంటారియోలో 2026 అక్టోబర్ 26న మున్సిపల్ ఎన్నికలు. కౌన్సిలర్ల దగ్గర పనిచేసే మనవాళ్ళు, వాలంటీర్లుగా తిరిగేవాళ్ళు కాస్త ఇటు చూడండి.

సిటీ డబ్బుతో కరపత్రాలు వేయించకూడదని అందరికీ తెలుసు. కొంప ముంచేది లిస్టు. వార్డు ఆఫీసులో ఉన్న పేర్లు, ఫోన్లు, మెయిళ్ళు సిటీ జీతం తీసుకునే మనిషి జనం పని కోసం పోగేసినవి. ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నంత మాత్రాన ప్రచారానివి అయిపోవు. "మా సార్ లిస్టే కదా" అంటారు. కాదు. ప్రచారం లిస్టు సున్నా నుంచి, అవతలి మనిషి ఒప్పుకున్నాకే మొదలవ్వాలి.

మున్సిపల్ ఎన్నికల చట్టం ప్రకారం మున్సిపాలిటీ ఏ అభ్యర్థికీ విరాళం ఇవ్వకూడదు. ఉచితంగా అందిన వస్తువు, సేవ కూడా విరాళమే. ప్రతి మున్సిపాలిటీ ఎన్నికల ఏడాది మే 1లోపు తన వనరుల వాడకంపై నిబంధనలు పెట్టుకోవాలి. మీ ఊరివి క్లర్క్ ఆఫీసులో అడిగి తెచ్చుకోండి. పక్క ఊళ్ళో నడిచింది మీ ఊళ్ళో నడవకపోవచ్చు.

ఆఫీసు సిబ్బంది ప్రచారానికి వెళ్ళాలంటే డ్యూటీ దిగాక, లేదా సెలవు పెట్టి. ఆ సెలవు కాగితం మీద ఉండాలి. నోటిమాట సెలవు ఆడిట్‌లో నిలబడదు.

సిటీ లోగో వద్దు. సిటీ ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో వద్దు. ఆఫీసు మెయిల్ సంతకం కింద ప్రచారం లింకు పెట్టొద్దు. సిటీ బిల్లు కట్టే ఫోన్‌లో ఓట్లు అడగొద్దు, రాత్రి పదింటికైనా సరే. వార్డు న్యూస్‌లెటర్‌లో పోటీ ఊసెత్తొద్దు. నామినేషన్ వేయకముందు ఒక్క డాలర్ వసూలు చేయొద్దు, ఖర్చు పెట్టొద్దు. లిస్టు, మళ్ళీ చెబుతున్నా, ముట్టుకోవద్దు.

ఆగస్టు 21న నామినేషన్ల గడువు ముగిశాక పోలింగ్ దాకా ఇంటిగ్రిటీ కమిషనర్ (కౌన్సిలర్ల నడవడిక మీద ఫిర్యాదులు చూసే అధికారి) విచారణలు ఆగిపోతాయి. అది చూసి గండం గడిచిందనుకుంటారు. ఎన్నికలయ్యాక ఖర్చుల లెక్క దాఖలు చేయాలిగా, అప్పుడు ఏ ఓటరైనా ఆడిట్ కోరవచ్చు.

లిస్టు ఇప్పటికే కాపీ అయిపోయిందా? ఒక్క మెయిల్ కూడా పంపకండి. ఏం చేయాలో ఇంటిగ్రిటీ కమిషనర్‌ని రాతపూర్వకంగా అడగమని కౌన్సిలర్‌కి ఈరోజే చెప్పండి.