ఆటోమేటిక్ కారుకు వేగం పెంచేటప్పుడు ఏది ముందు, ఏది తరువాత

రోజూ భీమవరం, పాలకొల్లు మధ్య తిరిగే కారునే అనుమతి ఉన్న 402 మీటర్ల డ్రాగ్ పోటీలో (నిలిచిన చోటు నుంచి తిన్నగా దూసుకుపోయే పందెంలో) కూడా దింపాలనుకునేవారు సాధారణంగా రీమ్యాప్‌తో, అంటే ఇంజను కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి శక్తి పెంచడంతో, మొదలుపెడతారు. ఒక్క పూటలో పని అయిపోయి, యాక్సిలరేటర్ తొక్కగానే తేడా తెలుస్తుంది కనుక ఆ ఆకర్షణ సహజమే. ఆటోమేటిక్ విషయంలో మాత్రం ఇంజను ఎంత శక్తి ఇవ్వగలదన్నది తరువాతి మాట. గేర్‌బాక్స్ ఎంత మోయగలదు, పుట్టిన వేడిని ఎంత త్వరగా వదిలించుకోగలదు అన్నవే ఖర్చు వరుసను నిర్ణయించాలి. గట్టు పటిష్ఠం చేయకుండా లాకులు ఎత్తితే గండి పడక తప్పదు.

కనుక మొదట ఏ రకం గేర్‌బాక్స్ ఉందో తేల్చుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా కార్లలో 1.0 లీటరు టీఎస్ఐ (టర్బో పెట్రోలు) ఇంజను 178 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలంతో), ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్‌కు (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా అందించే రకానికి) జతగా వచ్చింది, 1.5 లీటరు ఇంజను 250 న్యూటన్ మీటర్లతో, డీక్యూ200 అనే ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీకి (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌కు) జతగా వచ్చింది. ఆ డీఎస్‌జీకి తయారీదారు పెట్టిన పరిమితి కూడా 250 న్యూటన్ మీటర్లే, అంటే షోరూం నుంచి వచ్చిన రోజునే అది అంచున ఉంది. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లను యంత్రం మార్చే రకం), సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం) కార్ల యజమానులు టైర్లు, బ్రేకుల దగ్గరే ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం.

టార్క్ కన్వర్టర్ ఉన్నవారు తొలి రూపాయిని గేర్‌బాక్స్ ఆయిల్ మీద పెట్టాలి. జీవితకాలం మార్చనక్కరలేదన్న మాటను మన ఎండల్లో నమ్మకూడదు. డ్రెయిన్ బోల్టు విప్పితే కొంత ఆయిలే దిగుతుంది, మిగిలినది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందువల్ల కొంతదూరం నడిపి మళ్లీ రెండు మూడుసార్లు మార్చితే తప్ప పాతది చాలావరకు పోదు. మట్టం చూసే పద్ధతిలో ఇంకొక చిక్కు ఉంది. చాలా ఆరు గేర్ల పెట్టెలలో ఇంజను నడుస్తుండగా, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు మట్టం సరిచూడాలి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలిపిన కారులో ఆయిల్ అప్పటికే దాదాపు ఆ వేడికి చేరి ఉంటుంది, ఇంజను నడిపితే త్వరగా దాన్ని దాటిపోతుంది; వేడెక్కి ఉబ్బిన ఆయిల్‌ను చూసి మట్టం నిండిందనుకుంటే లోపల తక్కువే మిగులుతుంది. ఈ పనిని తెల్లవారుజామున, స్కానర్‌లో ఉష్ణోగ్రత చూస్తూ చేయించాలి.

ఆ తరువాత కూలర్. ఒక కాలు బ్రేకు మీద, మరొకటి యాక్సిలరేటర్ మీద ఉంచి పరుగు మొదలయ్యే గీత దగ్గర కారును పట్టి ఉంచినప్పుడు, ఇంజను ఇచ్చే శక్తి అంతా కన్వర్టర్‌లోని ఆయిల్‌కు వేడిగా చేరుతుంది, కనుక దాన్ని రెండు మూడు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు. చాలా కార్లలో ఆ ఆయిల్‌ను చల్లబరిచేది ఇంజను కూలెంటే కాబట్టి, అది కూలెంట్ కంటే చల్లగా మారదు. విడిగా ఫ్యాన్ ఉన్న ఆయిల్ కూలర్ పెట్టించుకుంటే పరుగుకూ పరుగుకూ మధ్య ఆయిల్ తేరుకుంటుంది. వరి కోతల కాలంలో గడ్డి నలుసులు, ఊక దాని రెక్కల్లో ఇరుక్కుంటాయి, వాటిని ఎప్పటికప్పుడు కడిగించాలి.

మూడవది టైర్లు, బ్రేకులు. ముందు చక్రాలు లాగే కారు ఎగిరి బయలుదేరేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, పట్టు కావలసిన చోటే తగ్గుతుంది. మెత్తని రబ్బరున్న మంచి టైర్లు తొలి 18 మీటర్లలో ఇచ్చే లాభం చాలాసార్లు రీమ్యాప్ ఇవ్వలేదు. పైగా చేపల లారీల నుంచి నీళ్లు కారే ఆకివీడు దారిలో రోజూ కాపాడేవి కూడా అవే. డాట్ 4 బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్తదానికి కనీసం 230 డిగ్రీలు ఉండవలసిన మరిగే స్థాయి తేమ చేరిన తరువాత 155 డిగ్రీల వరకు దిగవచ్చు. తీరం దగ్గర ఉండేవారు దాన్ని రెండేళ్లు దాటనివ్వకూడదు.

ఇవన్నీ పూర్తయ్యాకే ఇంజను జోలికి వెళ్లాలి. టర్బో కారయితే ముందు పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజనులోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) వేయించాలి, ఎందుకంటే 25 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 5 శాతం తక్కువ. రీమ్యాప్ చేసేవారికి ఏ పెట్రోలు వాడుతున్నారో ముందే చెప్పాలి. గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను కూడా కలిపి సరిచేయగలిగినవారినే ఎంచుకోవాలి. డీక్యూ200 ఉన్నవారు కింది ఆర్‌పీఎంలో టార్క్‌ను 250 దగ్గరే ఆపి, పైభాగంలో మాత్రమే శక్తి పెంచే మ్యాప్ అడగాలి.

ఇంజనుకు గాలి అందించడానికి బంపర్ కిందికి దిగే ఇన్‌టేక్ పైపు డెల్టాకు పనికిరాదు. తుపాను వానకు రోడ్డు మునిగినప్పుడు అది నీళ్లు పీలిస్తే ఇంజను లోపల పిస్టన్లను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఎగ్జాస్ట్ అన్నిటికంటే చివరిది, నా లెక్కలో వదిలేసినా నష్టం లేనిది. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలను మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆంక్షలు ఉన్నాయి, రోడ్డు మీద పందెం 189వ సెక్షన్ కింద నేరం. కనుక ఏ మార్పు చేయించే ముందైనా రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి తెలుసుకోవాలి, పరుగును రావులపాలెం వంతెన మీద కాక అనుమతి పొందిన ట్రాక్ మీదే పెట్టుకోవాలి.