పాశ్చాత్య తత్త్వగ్రంథాలు చదవడం, 5వ పాఠం: పూర్వపక్షం ఏది, సిద్ధాంతం ఏది?

మనం చదువుతున్నది 17వ శతాబ్దపు ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్ రాసిన 'మెడిటేషన్స్'. అందులో ఒక్కో అధ్యాయం ఒక మెడిటేషన్. పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఎక్కువమంది ఒకే చోట జారారు. రెండో మెడిటేషన్‌లోకి వెళ్లేముందు అది తేల్చుకుందాం.

"డెకార్ట్ దృష్టిలో ఈ ప్రపంచం కల" అని రాశారు. కొందరు ఇది శంకరుల మాయావాదమే అన్నారు. పోలిక తట్టడం సహజం, మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే తట్టింది. కానీ 1641లో వచ్చిన ఆ పుస్తకంలో మెడిటేషన్లు ఆరు. మీరు చదివింది ఒకటే. చలిమంట దగ్గర కూర్చున్నాననుకుంటున్నాను, నిజానికి మంచం మీద పడుకుని కలగంటున్నానేమో అని అక్కడ ఆయన తన నమ్మకాల్ని పరీక్షిస్తున్నాడు. ఆరోదాని చివర ఆ అనుమానాలు నవ్వి వదిలేయదగ్గవని తనే అంటాడు. మెలకువలో జరిగినవి జ్ఞాపకంలో ఒకదానితో ఒకటి అతుకుతాయి, కలలు అలా అతకవు. పరీక్షించడానికి ముందు పెట్టుకునే వాదన పూర్వపక్షం, చివరికి రచయిత తేల్చే మాట సిద్ధాంతం. మీరు పూర్వపక్షాన్ని పట్టుకుని సిద్ధాంతం అనుకున్నారు.

నేనైతే పెన్సిల్‌తో అంచున 'పూ', 'సి' అని రాసుకుంటూ చదువుతాను. ఎటూ తేలకపోతే ప్రశ్నార్థకం పెడతాను. ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు.

ఇక రెండో మెడిటేషన్. డెకార్ట్ జీవితవిశేషాలు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. మైనం ముద్ద ఉదాహరణ కూడా మీరే చదువుకోగలరు.

"నేను ఆలోచిస్తున్నాను, కాబట్టి ఉన్నాను." ఈ వాక్యం కోసం ఇందులో వెతక్కండి. అది 1637లో ఫ్రెంచిలో రాసిన పుస్తకంలో, 1644 నాటి లాటిన్ పుస్తకంలో ఉంది. ఇక్కడున్నది వేరు: 'నేను ఉన్నాను' అన్నది, నేను అలా అన్నప్పుడల్లా, మనసులో అనుకున్నప్పుడల్లా తప్పక నిజం. ఆ 'అప్పుడల్లా'ను వదలకండి.

దీన్ని "ఆలోచించనివాడు లేనట్టే" అని తిప్పి, స్ఫూర్తి వాక్యంలా పంచుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. వాన పడితే రోడ్డు తడుస్తుంది. వాన పడలేదు కాబట్టి రోడ్డు పొడిగా ఉందనగలమా? వాటర్ ట్యాంకర్ కారుతూ వెళ్లి ఉండొచ్చు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, కానీ ఎర్రగా కాలిన ఇనుపగుండులో పొగ లేకుండానే నిప్పు ఉందని మన తార్కికులు ఎప్పుడో చూపించారు. ఓటేసినవాడికి 18 ఏళ్లు నిండాయి. వెయ్యనివాడికి నిండలేదని ఎవరూ అనరు కదా! ఆలోచిస్తే ఉన్నట్టే అన్న మాట నుంచి, ఆలోచించకపోతే లేనట్టే అన్నది రాదు.

వ్యాఖ్యానాలు పట్టుకునే ముందు, ఈ పుస్తకంతోపాటే అచ్చయిన ఇతరుల ఆక్షేపణలు, వాటికి డెకార్ట్ సమాధానాలు చదవండి. నాకు అసలు పాఠం కంటే అవే ఎక్కువ నేర్పాయి. ఆలోచనే ఎందుకు, ఏ పని నుంచైనా 'ఉన్నాను' అని తేల్చొచ్చు కదా అని ఆ కాలపు తత్త్వవేత్త గాసెండీ అడిగాడు. 'నడుస్తున్నాను, కాబట్టి ఉన్నాను' అంటే చెల్లదని డెకార్ట్ జవాబు. నడక కలలోది కావచ్చు. నడుస్తున్నానన్న ఎరుక ఉండటం మాత్రం అనుమానించలేం, ఆయన లెక్కలో ఆ ఎరుకే ఆలోచన. సందేహించడం, కోరుకోవడం, ఊహించడం అన్నీ అందులోకే వస్తాయి.

అభ్యాసం: రెండో మెడిటేషన్ మూడుసార్లు చదవండి, మూడోసారి గుర్తులు పెడుతూ. తర్వాత గాసెండీ పక్షాన ఒక పేజీ రాయండి, మీకే అది నిజమనిపించేంత గట్టిగా. మర్నాడు డెకార్ట్ పక్షాన ఇంకో పేజీ. ఆ రెండో పేజీలో 'ఆలోచన' అనే మాట వాడకూడదు.