కాలేజీలో గోల్‌కీపర్‌గా ఆడి ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నారా? కళ్ళ దగ్గర మొదలుపెట్టండి

కాలేజీలో మూడేళ్ళు హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్‌గా ఆడారు, డిగ్రీ అయిపోయింది, ఊళ్ళో హైస్కూల్ పీడీ గారు, అంటే ఆటల మాస్టారు, కనపడి "సాయంత్రం కాస్త వచ్చి పిల్లల్ని చూడవయ్యా" అన్నారు. మా కోనసీమలో చాలామందికి కోచింగ్ ఇలాగే మొదలవుతుంది, నాకూ అంతే. ఖోఖో నుంచి వాలీబాల్ దాకా అన్నీ ఆయన ఒక్కరే చూసుకోవాలి, గోల్‌లో నిలబడే పిల్లకి విడిగా నేర్పే టైమ్ ఆయనకి ఉండదు. అందుకని అసిస్టెంట్‌గా వెళ్ళిన మన చేతికి ముందు వచ్చేది కీపర్లే. ఆ పిల్లల్ని ఎలా తయారుచేయాలో, నేను చేసిన తప్పుతో కలిపి చెప్తాను.

మొదటి వారంలోనే ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి గోల్‌లో నిలబెట్టి ఆరు మీటర్ల గీత నుంచి గట్టిగా బంతులు కొట్టాను, మాకు అలాగే నేర్పారు కాబట్టి. నాలుగో రోజు వాడు రాలేదు. గోదాట్లో ఈదే పిల్లాడు, పిరికివాడు కాదు. తర్వాత వాళ్ళమ్మగారు కొట్టు దగ్గర కనపడి "బంతంటే భయపడిపోతున్నాడండీ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

మొహం మీదకి ఏదైనా వస్తుంటే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి, "కళ్ళు మూయకు" అని అరిస్తే పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది తప్ప లాభం లేదు. కళ్ళకి వేరే పని ఇవ్వాలి. ఒక మెత్తటి బంతి తీసుకుని స్కెచ్ పెన్నుతో నాలుగు వైపులా నాలుగు అంకెలు పెద్దగా రాయండి. మూడు మీటర్ల దూరం నుంచి, చేతిని కింది నుంచి ఊపి, ఛాతీ ఎత్తుకి నెమ్మదిగా వేయండి. పట్టుకోమనకండి, ఏ అంకె కనపడిందో చెప్పమనండి, అంతే. మా దగ్గర ఏడో తరగతి అమ్మాయి మొదటి రోజు పదింట్లో రెండే చెప్పింది. "కళ్ళు మూసుకోలేదండీ సార్, బంతే తిరిగిపోతోందండీ" అంది. సరే అని బంతి తిరగకుండా రెండు చేతులతో వేశాను, నాలుగైంది. రెండో వారంలో ఒక సాయంత్రం "మూడు" అని అంటూండగానే తన రెండు చేతులూ పైకి వచ్చి బంతిని ఆపేశాయి, ఆపినట్టు తనకే తెలియలేదు, నేను చెప్తే చేతుల వంక చూసుకుంది. అప్పటి నుంచే వేగం పెంచాను.

బంతి సైజు విషయంలో మొహమాటపడకండి. మగవాళ్ళ బంతి 425 నుంచి 475 గ్రాములు ఉంటుంది, చిన్నపిల్లల ఒకటో సైజుది 290 నుంచి 330. స్టోర్ రూమ్‌లో ఒకటే ఉంది కదా అని పెద్ద బంతితో చిన్నపిల్లని ప్రాక్టీస్ చేయిస్తే వేళ్ళు బెణుకుతాయి, భయం మళ్ళీ మొదటికొస్తుంది. కీపర్‌కి ఫుల్ ట్రాక్ ప్యాంటు, మగపిల్లలకి గార్డు తప్పనిసరి.

కళ్ళు నిలిచాక నిలబడే చోటు నేర్పాలి. గోలు వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు, పిల్లకి అది సింహద్వారంలా కనపడుతుంది. దీనికి రెండు కొబ్బరి తాళ్ళు చాలు. ఒక్కో పోలుకి ఒకటి కట్టి, రెండు కొసలూ ఏడు మీటర్ల గీత దగ్గర బంతి కింద పెట్టండి. పిల్లని ముందు గోలు గీత మీద నిలబెట్టి చేతులు చాపమనండి, అటూ ఇటూ ఎంత ఖాళీ ఉందో తనే చూస్తుంది. తర్వాత రెండు మీటర్లు ముందుకు రమ్మనండి. అక్కడ తాళ్ళ మధ్య వెడల్పు 2.14 మీటర్లే. ఏడు మీటర్ల త్రోకి, అంటే పెనాల్టీకి, కీపర్ నాలుగు మీటర్ల గీత దాకా రావచ్చు, అక్కడైతే 1.3 కూడా ఉండదు, కానీ తలమీద నుంచి లేపి వేస్తారు కాబట్టి ప్రతిసారీ అంత దూరం రాకూడదని కూడా అప్పుడే చూపించండి. ఎన్ని మాటలు చెప్పినా ఎక్కనిది ఆ తాళ్ళతో ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది. వింగ్ నుంచి, అంటే కోర్టు పక్క అంచు వైపు నుంచి, కొట్టేటప్పుడు దగ్గరి పోలు ముందు మూయాలి, దూరంవైపు చెయ్యి, కాలు కలిపి చాపాలి. నిలబడేటప్పుడు బరువు పాదాల ముందు భాగం మీద, చేతులు భుజాలకి పైన, మోచేతులు కొంచెం వంచి. చూపు కొట్టేవాడి మొహం మీద కాదు, బంతి ఉన్న చేతి మీద. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి ఏడు మీటర్లు దాటడానికి అర సెకను కూడా పట్టదు, చెయ్యి కదిలాక ఆలోచించే టైమ్ ఉండదు.

మన నేల సంగతి. ఒండ్రు మట్టి, జూలై నుంచి గ్రౌండు బురదే, కాలు వేస్తే జారుతుంది. వానల్లో కాళ్ళ పని ఆపేసి స్కూల్ వరండాలో అంకెల బంతి, టెన్నిస్ బంతి గోడకి కొట్టి పట్టడం చేయించండి. వేసవిలో పొద్దున ఏడున్నరకల్లా ముగించేయాలి, ఉక్క మామూలుగా ఉండదు. పడటం నేర్పడానికి గోనెసంచుల్లో వరిగడ్డి కూరి కుట్టి పరిస్తే చాలు, రెండు వారాలకోసారి గడ్డి మార్చాలి, లేకపోతే ముక్కిపోతుంది. నెట్టు లేకపోతే చేపల చెరువుల వాళ్ళని పాత వల అడగండి, ఇస్తారు.

కీపర్‌గా ఆడిన మనకి ఇంకొకటి తెలుసు, కోర్టు మొత్తం ఎదురుగా కనపడేది కీపర్‌కే. కాబట్టి మాట్లాడటం నేర్పండి. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, సీనియర్ల మీద గట్టిగా అరవడానికి మొహమాటపడతారు. "అక్కా, కొంచెం ఎడమకి వస్తావా" అనేలోపు గోలు పడిపోతుంది. మూడే మాటలు పెట్టండి: "ఎడమ", "కుడి", "చేతులు". పిలుపులు, గౌరవాలు మ్యాచ్ అయ్యాక. ఈ సంగతి సీనియర్లకి మీరే ముందు చెప్పాలి, లేకపోతే పాపం ఆ పిల్ల తర్వాత మాటలు పడుతుంది.

పీడీ గారితో ఎలా ఉండాలనేది కూడా పనిలో భాగమే. ఆయన చెప్పినదానికి విరుద్ధంగా పిల్లల ముందు ఒక్క మాట అనకండి. నచ్చకపోతే గ్రౌండు ఖాళీ అయ్యాక "సార్, వారం రోజులు ఇలా చేసి చూద్దామాండీ" అని అడగండి. నేను అడిగిన ప్రతిసారీ ఒప్పుకోలేదు, కానీ కీపర్ల టైమ్ రోజుకి ఇరవై నిమిషాలు విడిగా ఇచ్చారు. ఈ పనిలోనే ఉండాలనుకుంటే పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయండి, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది.

మ్యాచ్ రోజు బెంచీ మీద నుంచి ప్రతి బంతికీ అరవకండి, కీపర్ మీ వైపు తిరిగితే బంతి పోయినట్టే. గోలు పడ్డాక పిల్ల తప్పకుండా మీ మొహం చూస్తుంది. అప్పుడు తల అడ్డంగా ఊపకండి, వేలితో కోర్టు మధ్యకి చూపించండి: బంతి తీసి త్వరగా అక్కడికి విసరాలి. హాఫ్ టైమ్‌లో ఒక్క విషయమే చెప్పండి, నీళ్ళు ఇవ్వండి, ఏ అంకె కనపడిందని అడగండి. మా ఏడో తరగతి అమ్మాయికి అది అర్థమవుతుంది, బంతి మీద అంకె లేకపోయినా నవ్వి ఏదో ఒకటి చెప్తుంది, వెళ్ళి గోల్‌లో నిలబడుతుంది.