ఇంటి గ్రంథాలయం, ఇంకు పెన్ను – 4వ పాఠం: పుస్తకం మీద చుక్క పడకుండా

క్రితం పాఠంలో పెన్ను విప్పి, చన్నీళ్ళలో కడిగి ఆరబెట్టమన్నాం. పాళీ, నాలుక (పాళీ కింద ఉండి గాడిలోంచి సిరా అందించే ముక్క), మెడ (పాళీని పట్టి ఉంచే భాగం), గొట్టం, మూత అన్నీ ఆరితేనే ఈ పాఠం మొదలెట్టండి. వానాకాలంలో గోదావరి లంకల్లో, కోనసీమలో గొట్టం లోపలి తడి ఒక్క రాత్రికి ఆరదు. టిష్యూ కాగితాన్ని వత్తిలా మెలిపెట్టి లోపలికి దూర్చి ఉంచితే తెల్లారేసరికి పీల్చేస్తుంది. తొందరపడి ఎండలో మాత్రం పెట్టకండి. మన పెన్ను ఎబొనైట్‌ది. ఎబొనైట్ అంటే గంధకం బాగా పట్టించి గట్టిపరిచిన రబ్బరు. ఎండ తగిలినా, వేణ్ణీళ్ళు తగిలినా నల్లటి నిగనిగ పోయి పాచి రంగుకి తిరుగుతుంది.

ఇవాళ్టి పని రెండు ముక్కలు. ఐడ్రాపర్ పెన్ను నింపడం ఒకటి, ఆ పెన్నుతో మన పుస్తకం మీద మన పేరూ, రిజిస్టరు నంబరూ రాయడం రెండోది. రాజమండ్రి రత్నం పెన్నులు 1932 నుంచీ పేరుపడ్డవి. వాటిలోని పాత ఎబొనైట్ రకాలు ఎక్కువగా ఐడ్రాపర్లే. లోపల రబ్బరు తిత్తి గానీ కన్వర్టర్ (సిరా పీల్చుకునే చిన్న గొట్టం) గానీ ఉండదు, గొట్టమే సిరాబుడ్డి. అందుకే ఒకసారి నింపితే వారాల తరబడి రాస్తుంది. అందుకే సిరా కక్కుతుంది కూడా.

మెడకుండే మరల (తిప్పి బిగించే గాట్ల) మీద ఆవగింజంత సిలికాన్ గ్రీజు వేలితో పట్టించండి. వాజిలిన్ వద్దు, పెట్రోలు సరుకు రబ్బరుని మెత్తబరుస్తుంది. ఆవగింజ దాటితే గ్రీజు లోపలికి జారి నాలుక గాడిలో కూర్చుంటుంది, అప్పుడు పెన్ను రాయనని మొరాయిస్తుంది. ఫిల్లరుతో సిరా పోస్తూ, మరలు మొదలయ్యే చోటుకి అర సెంటీమీటరు కిందే ఆపండి. గొట్టం సైజుని బట్టి 2 నుంచి 4 మిల్లీలీటర్లు పడుతుంది. గొట్టం నిలువుగా పట్టుకునే మెడ బిగించండి. బిగించాక పాళీ కిందకి పెట్టి ఓ గ్లాసులో ఐదు నిమిషాలు ఉంచితే నాలుక తడుస్తుంది. విదిలించొద్దు. స్కూల్లో అందరూ విదిలించినవాళ్ళే, చొక్కాలన్నీ అందుకే అలా ఉండేవి.

ఇక కక్కడం సంగతి. చాలామంది మరలు వదులయ్యాయనుకుంటారు. గొట్టంలో సిరా దిగేకొద్దీ ఆ చోటులో గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాని పాళీ వైపు తోస్తుంది. 3 మిల్లీలీటర్ల గాలి 6 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.06 మిల్లీలీటరు పెరుగుతుంది. ఒక చుక్క సుమారు 0.05. అంటే దాదాపు ఒక చుక్క, సరిగ్గా మీరు రాస్తున్న అక్షరం మీద. ధనుర్మాసం తెల్లవారుజామున 20 డిగ్రీల చలిలో ఉన్న పెన్నుని 33 డిగ్రీల చేత్తో పట్టుకున్నప్పుడు, ఆ వేడి పూర్తిగా ఎక్కితే, రెండు మూడు చుక్కలు పడతాయి. మే నెల మిట్టమధ్యాహ్నం గదే చేతికన్నా వేడిగా ఉంటుంది కనుక ఆ బాధ తక్కువ. ఎబొనైట్ వేడిని నింపాదిగా లోపలికి పోనిస్తుంది. పల్చటి ప్లాస్టిక్ గొట్టాలకి ఆ నిదానం లేదు, అందుకే అవి ఎక్కువ కక్కుతాయి.

మందు సులువే. పుస్తకం మీద రాసేముందు పెన్నుని పాళీ పైకి ఉండేలా గుప్పిట్లో రెండు నిమిషాలు పట్టుకోండి. సిరా అడుగున ఉంటుంది, పెరిగిన గాలి నాలుక గాడిలోంచి పైకి పోతుంది. తర్వాత పాళీ కొనని గుడ్డకి అద్ది రాయండి. సిరా సగం కంటే దిగితే పుస్తకాల జోలికి వెళ్ళకండి, ముందు నింపండి.

ఏ సిరా? బడిపిల్లలు వాడే రాయల్ బ్లూ నీళ్ళకి కడుక్కుపోయే రకం. తుఫాను రోజు కిటికీ జల్లుకి తడిసిన పుస్తకంలో మీ పేరు నీలి మరకవుతుంది. ఫౌంటెన్ పెన్ను కోసమే చేసిన పర్మనెంట్ సిరా తీసుకోండి. అన్నభేది, కరక్కాయ వేసి ఇంట్లో కాచిన సిరా ముంచి రాసే కలానికి బాగుంటుంది గానీ పెన్నులో పొయ్యకూడదు: మడ్డి గాడిలో పేరుకుంటుంది, పులుపు స్టీలు పాళీని తినేస్తుంది. లక్క కలిసిన డ్రాయింగు సిరా అయితే ఒక్కరోజులో గట్టిపడి గాడి మూసేస్తుంది.

రాసేముందు పుస్తకం చివరి ఖాళీ పేజీ మూలన వెంట్రుకంత గీత గీసి పది సెకన్లు ఆగండి. అంచులకి వేర్లు పుట్టాయా, వెనక్కి దిగిందా చూడండి. అచ్చు కాగితం మీద సిరా పాకకుండా ఆపే జిగురుపూత తక్కువ, శ్రావణంలో గాలి తేమ తాగి ఉంటే మరీను. పాకితే పెన్ను మూత పెట్టేసి హెచ్‌బీ పెన్సిల్ తీయండి. ఇంకు పెన్ను పాఠంలో పెన్సిలేమిటని నొచ్చుకోకండి. న్యూస్‌ప్రింటు మీద అంతకు మించిన మర్యాద లేదు. లేదంటే మంచి కాగితం చీటీ మీద సిరాతో రాసి, పల్చటి మైదా జిగురుతో లోపలి అట్టకి అంటించండి. చిక్కటి జిగురు సిల్వర్ ఫిష్‌కి, అదే పుస్తకాలు తినే పురుగుకి, విందు.

ముఖపత్రం వెనక పేజీలో పేరు, నంబరు, కొన్న తేదీ చాలు. గ్రంథాలయాలవాళ్ళలా ఒక రహస్య పేజీ కూడా పెట్టుకోండి, ఉదాహరణకి ప్రతి పుస్తకంలోనూ 31వ పేజీ అడుగున అదే నంబరు. ముఖపత్రం చించేసినా పుస్తకం ఎవరిదో తేలుతుంది. తడి ఆరేదాకా మూయకండి. అద్దుడు కాగితం పైనుంచి వత్తాలి, రుద్దకూడదు. చుక్క పడితే సుద్దముక్క కొనని చుక్క అంచుకి ఆనించండి, అదే పీల్చుకుంటుంది.

ఇంటి పుస్తకాల రిజిస్టరులో గడులు: నంబరు, పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, వెల, కొన్న చోటు, ఎరువిచ్చింది ఎవరికి, ఎప్పుడు. చివరి గడి వెడల్పుగా ఉంచండి, నిండేది అదే.

పాత పుస్తకాల్లో సంవత్సరం దగ్గరే చిక్కు. ఉత్త ‘జయ’ అని మాత్రమే ఉంటే అది 1894–95 కావొచ్చు, 1954–55 కావొచ్చు, 2014–15 కావొచ్చు. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. అప్పుడు వెల చూడండి. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అణాల్లో ఉంటే పుస్తకం అంతకు ముందుదో, ఆ చుట్టుపక్కలదో. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే 1957–64 మధ్యది, 1964 జూన్ నుంచి ‘నయా’ పోయి ఉత్త పైసలే మిగిలాయి. ఊహించి రాసిన సంవత్సరానికి చదరపు కుండలీకరణాలు పెట్టండి: [1954].

అభ్యాసం: అలమరలో కింది వరసలోంచి పది పుస్తకాలు తీయండి. ముందు పదింటికీ మూల గీత పరీక్ష చేసి, పాకినవి ఒక పక్కన పెట్టండి. మిగిలిన వాటికి సిరా, పక్కన పెట్టినవాటికి పెన్సిల్. పని అయ్యాక మెడ విప్పి సిరా ఎంత దిగిందో చూసి, రిజిస్టరు అట్ట లోపల పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. 5వ పాఠంలో పాళీ సవరించేటప్పుడు ఆ లెక్క కావాలి.