ఐసీయూలో మనవాళ్లుంటే వాళ్ల పేగుల గురించి కూడా అడగండి

న్యుమోనియాతోనో పెద్ద ఆపరేషన్‌తోనో ఐసీయూలో ఉన్న మనిషి కోలుకుంటున్నట్టే ఉండి, వారం తిరక్కుండా మళ్లీ చలిజ్వరం, బీపీ పడిపోవడం చూస్తుంటాం. ఆసుపత్రిలో ఏదో అంటుకుందనుకుంటాం. కానీ కొన్నిసార్లు ఆ బ్యాక్టీరియా రోగి పేగుల్లో ఏళ్ల తరబడి ఏ హానీ చేయకుండా ఉన్నదే.

ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని ఒక అంచనా, అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే. జబ్బు ముదిరితే శరీరం రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్లిస్తుంది, పేగుకి తగ్గుతుంది, దాని లోపలి జిగురుపొర పలచబడుతుంది. పైగా యాంటీబయాటిక్స్‌తో మంచివీ చస్తాయి, తిండి లేక మిగిలినవీ మాడతాయి. చివరికి క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి మొండివే నిలుస్తాయి. షికాగో విశ్వవిద్యాలయం సర్జన్ జాన్ ఆల్వర్డీ బృందం 2014లో చూస్తే, ఎక్కువకాలం ఐసీయూలో ఉన్న కొందరి మలంలో ఒకటి నుంచి నాలుగు రకాలే మిగిలాయి! సూడోమోనాస్ అయితే ఫాస్ఫేట్ తగ్గడాన్నీ, ఒత్తిడిలో శరీరం వదిలే రసాయనాల్నీ పసిగట్టి దాడికి దిగుతుందని కూడా వాళ్ల ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది.

మరి మనమేం చేయాలి? ముందు తిండి సంగతి. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుని "ముక్కు గొట్టంలో ఫీడ్ ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడగండి. బీపీ మరీ అటూఇటూ అవుతుంటే ఆగుతారు, లేకపోతే 24 నుంచి 48 గంటల్లోపే మొదలుపెట్టమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. సెలైన్ ఎక్కిస్తే బలమొస్తుందని మనవాళ్లకో నమ్మకం, అది పేగుకి తిండి కాదు. అలాగని చెప్పకుండా ఇంటి నుంచి జావ తెచ్చి గొట్టంలో పోయకండి.

యాంటీబయాటిక్ ఎందుకు, ఎన్ని రోజులు, కల్చర్ రిపోర్ట్ (ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకి లొంగుతుందో చెప్పే పరీక్ష ఫలితం) వచ్చిందా, ఇది రోజూ అడగాల్సిన ప్రశ్నే, మొహమాటం వద్దు. "ఇంకా పవర్‌ఫుల్‌ది రాయండి" అని మాత్రం ఒత్తిడి పెట్టకండి. గ్యాస్ మందు, మూత్రం గొట్టం ఇంకా అవసరమా అని కూడా అడగండి, ఎందుకంటే పేగుల్లోని ఈ.కోలై బ్యాక్టీరియా ఆ మూత్రం గొట్టం వెంటే పైకి పాకుతుంది. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి.

రోజుకి మూడు లేదా అంతకంటే ఎక్కువ నీళ్ల విరేచనాలైతే వెంటనే నర్సుకి చెప్పండి. అది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా పని కావచ్చు. దాని బీజాలు శానిటైజర్‌కి చావవు, సబ్బు, నీళ్లతో చేతులు బాగా రుద్ది కడుక్కోవాలి. మోషన్స్ ఆగడానికి సొంతంగా లోపరమైడ్ వేయకండి. ప్రోబయోటిక్ (మంచి సూక్ష్మజీవులుండే) పొడులు కూడా అడక్కుండా వద్దు, మెడ దగ్గర సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఉన్న కొందరిలో ఆ పొడిలోని ఈస్టే రక్తంలోకి చేరిన కేసులున్నాయి.

ఇంటికొచ్చేశాక కూడా రెండు మూడు నెలలు గమనిస్తూ ఉండండి, ఈ విరేచనాలు యాంటీబయాటిక్ ఆపిన వారాలకి కూడా మొదలవ్వొచ్చు. అప్పుడు దగ్గర్లోని డాక్టరు దగ్గరికి వెళ్తే డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్లి, ఏ యాంటీబయాటిక్స్ వాడారో ముందే చూపించండి.